ఎంత ఎగిరాడు సరే, ఎలా ఎగిరాడు?

(కోచ్‌లు, ఫిజియోథెరపిస్టుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం క్రీడాకారుల కాళ్లలోని ఎక్స్‌ప్లోజివ్ బలాన్ని, అంటే చిటికెలో అందే బలాన్ని, జంప్ టెస్టులతో కొలవడం. ఇక్కడ కోచ్‌లు ఎక్కువమంది ఉన్నారు, ఫిజియోలు కొందరు, వెనక వరసలో ఇంకా ఆడుతున్న పిల్లలూ కనిపిస్తున్నారు. అందుకని లెక్కలు తక్కువగానే చెబుతాను. బొత్తిగా లేకుండా మాత్రం కుదరదు.

ముందు ఒక ప్రశ్న. ఒక అబ్బాయి చేతులు ఊపుతూ గోడ పక్కన ఎగిరి సుద్ద గుర్తు పెట్టాడు. 55 సెంటీమీటర్లు వచ్చింది. మర్నాడు అదే అబ్బాయి ఇంకోచోట నడుం మీద చేతులు పెట్టుకొని, గాల్లో ఉన్న సమయాన్ని కొలిచే మ్యాట్ మీద ఎగిరితే 36 వచ్చింది. రాత్రికి రాత్రి బలం తగ్గిందా? లేదని తలలు ఊపుతున్నారు. మరి ఆ 19 సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి? ఎవరైనా చెబుతారా? (సభలో నుంచి: "చేతులు ఊపలేదు కదా సార్.") అవును, కొంత అక్కడ పోయింది. చేతుల ఊపు వల్ల ఎగిరే ఎత్తు మామూలుగా పది శాతమో, అంతకంటే కాస్త ఎక్కువో పెరుగుతుంది. కానీ అదొక్కటే అయితే లెక్క తేలదు.

రెండోది, గోడ మీద ఎత్తును అరికాలు పూర్తిగా నేలకి ఆనించి నిలబడినప్పటి గుర్తు నుంచి కొలుస్తాం. నేల విడిచే ముందు మనిషి మునివేళ్ల మీదికి లేస్తాడు చూడండి, అప్పటికే శరీరం పది సెంటీమీటర్లకు పైగా పైకి వచ్చేసి ఉంటుంది. గోడ దాన్ని కలుపుకుంటుంది. మ్యాట్ కలుపుకోదు, ఎందుకంటే మ్యాట్ గడియారం కాలు నేల వదిలాకే మొదలవుతుంది. మూడోది కాస్త కొంటె సంగతి. నిలబడి చెయ్యి చాపి తొలి గుర్తు పెట్టేటప్పుడు భుజం పూర్తిగా సాగదీయకుండా కిందికి ఉంచితే మూడు నాలుగు సెంటీమీటర్లు ఎగరకుండానే చేతికొస్తాయి. సెలక్షన్ ట్రయల్స్‌కి వచ్చే పిల్లలకి ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్లకే తెలుసు. (నవ్వులు) అందుకే తొలి గుర్తు పెట్టించేటప్పుడు నేను పక్కనే నిలబడి మడమలు నేల మీద ఉన్నాయా, భుజం చెవికి తగులుతోందా అని చూస్తాను. ఆ తర్వాత వాడు ఎగరడం చూడకపోయినా పెద్ద నష్టం లేదు!

ఈ గోడ పరీక్షకు నూరేళ్లు దాటాయి. డడ్లీ సార్జెంట్ అనే అమెరికన్ వ్యాయామ విద్యావేత్త 1921లో దీన్ని మనిషి శారీరక సామర్థ్యానికి పరీక్షగా ప్రచురించాడు. ఇప్పటికీ సార్జెంట్ జంప్ అనే అంటున్నాం. అంతకుముందే, 1880లలో, ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే, జార్జ్ దెమెనీ కలిసి పాదాల కింది బలాన్ని నమోదు చేసే పలక మీద మనుషుల్ని ఎగిరించి చూశారు. అంటే ఫోర్స్ ప్లేట్ మీరనుకునేంత కొత్తదేమీ కాదు, ధరే మొన్నటిదాకా అందుబాటులో లేదు. ఇంకో ముచ్చట చెప్పి ముందుకు పోతాను. నిలబడ్డ చోటి నుంచి దూకడం ఒకప్పుడు ఒలింపిక్ పోటీ. 1900 నుంచి 1908 వరకూ జరిగిన మూడు ఒలింపిక్స్‌లో రే యూరీ ఇలాంటి దూకుళ్లలోనే ఎనిమిది స్వర్ణాలు గెలిచాడు. చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి. 1904లో నిలబడిన చోటి నుంచి 3.47 మీటర్లు దూకాడు.

సరే, అసలు విషయానికి వద్దాం. జంప్‌లో మనం కొలిచేది ఏమిటి?

70 కిలోల మనిషి నేల విడిచే క్షణంలో సెకనుకు 2.8 మీటర్ల వేగంతో పైకి వెళుతున్నాడనుకోండి. ఆ వేగానికి 40 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అంతకంటే ఎక్కువా రాదు, తక్కువా రాదు. కాలు నేల విడిచాక ఎవడూ ఏమీ చేయలేడు, ఇక అంతా భూమ్యాకర్షణ చేతిలోనే. ఎత్తు నిర్ణయమైపోయేది నేల మీద ఉన్నప్పుడే. ఆ 2.8 వేగం రావాలంటే తన బరువును మోయడానికి పోగా మిగిలిన బలాన్ని, అది పనిచేసిన సమయంతో గుణిస్తే 196 న్యూటన్ సెకన్లు రావాలి. దీన్నే ఇంపల్స్ అంటారు. బలం ఎక్కువ ఉండి సమయం తక్కువైనా ఆ 196 వస్తుంది. బలం కాస్త తక్కువైనా కిందికి బాగా కూర్చొని ఎక్కువసేపు తోస్తే కూడా అదే 196 వస్తుంది. ఇద్దరికీ 40 సెంటీమీటర్లే. మ్యాట్ ఇద్దరినీ ఒకే వరసలో నిలబెడుతుంది. ఆటలో మాత్రం ఇద్దరూ ఒకటి కాదు. బ్లాక్ చేయడానికి లేచే వాలీబాల్ ఆటగాడికి నిదానంగా కూర్చొని లేచే తీరిక ఎవరిస్తారు?

ఎక్స్‌ప్లోజివ్ అనే మాటలో ఉన్నదంతా ఈ సమయం గొడవే. భుజాన బార్ పెట్టుకొని కూర్చొని లేచే భారీ స్క్వాట్‌లో పైకి లేవడానికి రెండు మూడు సెకన్లు పట్టినా ఎవరూ అడగరు. జంప్‌లో అడుగు నుంచి పైకి తోయడానికి దొరికేది సెకనులో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. పూర్తి వేగంతో పరిగెత్తేవాడి పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు. కండరం తన పూర్తి బలాన్ని చేరుకోవడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి స్క్వాట్‌లో తన ఒంటి బరువుకు రెండింతలు లేపినవాడు జంప్‌లో చతికిలబడితే ఆశ్చర్యపోవద్దు. వాడికి బలముంది, అది అందే తొందర లేదు. అలాగని బలం అక్కర్లేదనుకునేరు. బలమే లేనివాడికి తొందరగా అందడానికి ఏముంటుంది?

ఇక్కడ ఒక చికాకు చెప్పుకోవాలి. చాలా రిపోర్టుల్లో జంప్ ఎత్తు పక్కనే "పవర్" అని ఒక పెద్ద సంఖ్య, వాట్లలో, కనిపిస్తుంది. ఎక్కువసార్లు దాన్ని ఎవరూ కొలిచి ఉండరు. ఎత్తునీ బరువునీ ఒక సూత్రంలో వేసి తీసినది. బాగా వాడుకలో ఉన్నది సేయర్స్ సూత్రం, 1999 నాటిది. సెంటీమీటర్లలో ఎత్తును 60.7తో, కిలోల్లో బరువును 45.3తో గుణించి, రెండూ కలిపి, 2055 తీసేయాలి. 40 సెంటీమీటర్లు ఎగిరిన 70 కిలోల మనిషికి 3544 వాట్లు వస్తుంది. అదే 40 ఎగిరిన 80 కిలోల మనిషికి 3997. ఎక్కువ బరువును అంతే ఎత్తుకు లేపాడు కాబట్టి అది అబద్ధం కాదు. కానీ సెలవుల్లో మూడు కిలోలు పెరిగి వచ్చిన పిల్లవాడు మునుపటి ఎత్తే ఎగిరినా, కాగితం మీద 136 వాట్ల "అభివృద్ధి" కనబడుతుంది. తల్లిదండ్రులకి అది చూపించి సంతోషపెట్టకండి. హైజంపర్‌కి, స్ప్రింటర్‌కి ఆ బరువు మోత కిందే లెక్క.

ఇక మూడు రకాల జంప్‌లు. వీటిని ఒక పద్ధతిగా పక్కపక్కన పెట్టిన ఘనత ఎక్కువగా ఇటలీ శాస్త్రవేత్త కార్మెలో బాస్కోది. కాంటాక్ట్ మ్యాట్ మీద ఆయన 1980లలో తెచ్చిన పరీక్షల వరసను ఇప్పటికీ బాస్కో టెస్ట్ అంటారు.

స్క్వాట్ జంప్‌లో మోకాళ్లు దాదాపు 90 డిగ్రీలు వంచి, రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగి, అక్కడి నుంచి నేరుగా పైకి ఎగరాలి. చెప్పడం తేలికే. చేయించి చూడండి తెలుస్తుంది. "ఆగు... ఆగు... ఎగురు" అనగానే నూటికి తొంభై మంది ఒక్క వేలెడు కిందికి దిగి లేస్తారు. శరీరానికి అది పుట్టుకతో వచ్చిన అలవాటు, వాళ్ల తప్పు కాదు. కంటికి కనబడదు కూడా. పక్క నుంచి తుంటి దగ్గర చూడాలి, లేదా ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూడాలి. ఆ చిన్న దిగుడుంటే అది స్క్వాట్ జంప్ కాదు, కొట్టేయండి.

రెండోది కౌంటర్ మూవ్‌మెంట్ జంప్. నిలబడి, చటుక్కున కిందికి దిగి, ఆగకుండా పైకి. సహజంగా అందరం ఎగిరేది ఇలాగే. ఇందులో స్క్వాట్ జంప్ కంటే కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ వస్తాయి. ఎందుకని అడిగితే, కండరం రబ్బరు బ్యాండులా సాగి శక్తిని దాచుకొని తిరిగి ఇస్తుందని మనందరం క్లాసుల్లో చదివాం. అందులో కొంత నిజముంది, మొత్తం నిజం అది కాదు. 1996లో బాబర్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చూపించిన కారణం నాకు ఎక్కువ నచ్చుతుంది. కిందికి దిగుతున్న శరీరాన్ని ఆపేందుకు కండరాలు ముందే గట్టిగా బిగుసుకోవాలి. అందువల్ల పైకి తోయడం మొదలయ్యేసరికే బలం పెద్ద మోతాదులో సిద్ధంగా ఉంటుంది. స్క్వాట్ జంప్‌లో ఆ బలాన్ని పైకి లేస్తూ లేస్తూ పోగు చేసుకోవాలి, ఈలోపు దారి సగం అయిపోతుంది.

ఈ మాట కళ్లారా చూడాలంటే ఫోర్స్ ప్లేట్ గీత చూడాలి. తెర మీద చూడండి, ఇది 70 కిలోల అమ్మాయి గీత అనుకుందాం. మొదట ఈ బల్లపరుపు భాగం ఆమె కదలకుండా నిలబడ్డ సమయం, 687 న్యూటన్లు, అంటే ఆమె బరువే. ఇక్కడ గీత కిందికి జారింది. బలం పెరగాల్సింది పోయి తగ్గిందేమిటి? ఆమె మోకాళ్లను వదిలేసింది, శరీరం కిందికి పడుతోంది. తర్వాత గీత పైకి లేచి బరువు గీతను దాటుతున్న ఈ బిందువు చూశారా? ఇక్కడే ఆమె అన్నిటికంటే వేగంగా కిందికి పోతోంది. ఇక్కడి నుంచి బ్రేకు. బలం నిటారుగా పెరుగుతోంది, వేగం తగ్గుతోంది. ఇదిగో, ఇక్కడ వేగం సున్నా. ఇదే ఆమె కూర్చున్న అట్టడుగు. ఇక్కడ బలం ఎంతుందో చూడండి, బరువుకు దాదాపు రెండింతలు. పైకి కదలడం ఇంకా మొదలే కాలేదు! స్క్వాట్ జంప్ గీత ఇదే చోట కేవలం బరువు దగ్గర మొదలవుతుంది. తర్వాత తోపు, ఆఖర్న నిట్టనిలువునా సున్నాకి పడిపోవడం, అది నేల విడిచిన క్షణం. కాసేపటికి ఈ ఈటె ములుకు లాంటిది ల్యాండింగ్.

నన్నడిగితే ఈ గీతలో అసలు చదవాల్సింది బ్రేకు భాగం. మంచి జంపర్లకి అది నిటారుగా ఉంటుంది. భయపడుతూ దిగేవాళ్లకి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎత్తు అనే ఒక్క సంఖ్యలో ఇది కనబడదు.

మూడోది డ్రాప్ జంప్. 30 సెంటీమీటర్లో 40 సెంటీమీటర్లో ఎత్తున్న పెట్టె మీద నుంచి దిగి, నేల తాకీ తాకగానే పైకి ఎగరాలి. ఇక్కడ రెండు సంఖ్యలు కావాలి. ఎగిరిన ఎత్తు, నేల మీద ఉన్న సమయం. మీటర్లలో ఎత్తును సెకన్లలో సమయంతో భాగిస్తే వచ్చేదే రియాక్టివ్ స్ట్రెంత్ ఇండెక్స్. ఇద్దరూ 30 సెంటీమీటర్లే ఎగిరారు. ఒకరు నేల మీద 0.18 సెకన్లు ఉన్నారు, ఇంకొకరు 0.30. మొదటివారికి 1.67, రెండోవారికి 1.0. మొదటివారు నేల నుంచి బంతిలా లేచారు, రెండోవారు కూర్చొని లేచారు. నేల మీద పావు సెకను దాటితే అది ఇక ఈ పరీక్ష కింద లెక్కకు రాదు, పెట్టె ఎక్కిన మామూలు జంప్ అయిపోతుంది. ప్లేట్ లేకపోతే మడమ చూడండి. నేలకి దబ్బున కొట్టుకుంటే పెట్టె ఆ పిల్లకి ఎత్తు ఎక్కువైందని అర్థం. ఇంకో సంగతి, పెట్టె నుంచి "దిగు" అంటే కొందరు ముందు మోకాలు వంచి జారతారు, కొందరు పైకి ఎగిరి మరీ దిగుతారు. పెట్టె ఎత్తు 30 అని రాసుకున్నా పడిన ఎత్తు 25 కావచ్చు, 38 కావచ్చు. కాలు ముందుకు చాపి అలా పడిపోవాలి, అంతే.

పరికరాల సంగతి త్వరగా ముగిస్తాను. మ్యాట్లూ ఫోన్ యాప్‌లూ గాల్లో ఉన్న సమయాన్ని కొలిచి ఎత్తు లెక్కేస్తాయి. సెకన్లలో సమయాన్ని దానితోనే గుణించి, మళ్లీ 1.226తో గుణిస్తే మీటర్లలో ఎత్తు. అర సెకను గాల్లో ఉంటే 30.7 సెంటీమీటర్లు. ఈ లెక్క వెనక ఒక షరతు ఉంది. ఏ భంగిమలో నేల విడిచారో అదే భంగిమలో దిగాలి. మోకాళ్లు ముడిచి దిగితే పాదం నేలను ఆలస్యంగా తాకుతుంది, మ్యాట్ ఉదారంగా సెంటీమీటర్లు రాసిస్తుంది. ఫోన్‌తో తీసేవాళ్లు సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియో వాడకండి. ఒక్క ఫ్రేము తేడా 33 మిల్లీసెకన్లు, అర సెకను జంప్‌లో అది నాలుగు సెంటీమీటర్లు. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ఒక ఫ్రేము తేడా అర సెంటీమీటరు దగ్గరికొస్తుంది. ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది.

ఫోర్స్ ప్లేట్ ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండకండి. అది మీరిచ్చిన బరువును నమ్ముకొని లెక్కేస్తుంది. మొదట నిలబడే ఆ ఒక్క సెకనులో అమ్మాయి పక్కవాళ్లతో మాట్లాడుతూ కదిలిందనుకోండి, బరువు ఒక శాతం, అంటే 700 గ్రాములు, తప్పు పడిందనుకోండి. జంప్ మొత్తానికి ముప్పావు సెకను దాకా పడుతుంది, ఆ తప్పు అంతసేపూ పోగవుతూ ఉంటుంది. ఆఖరికి ఎత్తులో రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. లక్షలు పోసి కొన్న పరికరం మీద కుదురుగా నిలబడకపోతే గోడా సుద్దముక్కా నయం.

రెండు సెంటీమీటర్లే కదా అనుకుంటున్నారేమో. ఒకే మనిషి ఒకే రోజు ఎగిరినా జంప్‌కీ జంప్‌కీ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా మామూలే. నెల రోజుల ట్రైనింగ్ తర్వాత 38 కాస్తా 39 అయితే అది మీ ట్రైనింగా, ఆ రోజు వాతావరణమా అన్నది ఎవరూ చెప్పలేరు. అందుకని ప్రతివాళ్ల సొంత హెచ్చుతగ్గులు ఎంతో ముందు తెలుసుకోండి. రెండు మూడు వేర్వేరు రోజుల్లో, ఒకే వేళకు, ఒకే వార్మప్ తర్వాత, అవే బూట్లతో ఎగిరించి చూడండి. ఉదయం కంటే సాయంత్రం కొంచెం ఎక్కువ ఎగురుతారు, కాబట్టి పొద్దున తీసినదాన్ని సాయంత్రందానితో పోల్చకూడదు. టెస్టుకు ముందు నిమిషాల తరబడి కదలకుండా స్ట్రెచింగ్ చేయించకండి, ఎత్తు తగ్గుతుంది. మూడు జంప్‌లు తీసుకొని వాటి సగటు రాసుకోవడం నా పద్ధతి. సెలక్షన్‌కైతే అత్యుత్తమం రాసుకోండి, అది న్యాయం. మనిషిని వారం వారం గమనించడానికి సగటే నిలకడగా ఉంటుంది.

చెప్పే మాట కూడా ఒకటే ఉండాలి. "వీలైనంత ఎత్తుకు ఎగురు" అంటే ఒకలా ఎగురుతారు. "వీలైనంత వేగంగా, ఎత్తుకు ఎగురు" అంటే ఇంకోలా, తక్కువ కూర్చొని ఎగురుతారు. ఒక కోచ్ ఒక మాట, అసిస్టెంట్ ఇంకో మాట చెబితే ఆ రెండు సంఖ్యలూ రెండు వేర్వేరు టెస్టులవి.

అలసట గురించి. వారమంతా మ్యాచ్‌లు ఆడిన అమ్మాయిని ఎగిరిస్తే ఎత్తు తగ్గకపోవచ్చు. శరీరం తెలివైనది. ఇంకాస్త కిందికి కూర్చొని, ఇంకాస్త ఎక్కువసేపు తోసి, ఆ 40 సెంటీమీటర్లు తెచ్చి చూపిస్తుంది. కదలడం మొదలైనప్పటి నుంచి నేల విడిచేదాకా మామూలుగా 0.65 సెకన్లు పట్టేది, ఇవాళ 0.80 పట్టింది. మీటర్లలో ఎత్తును ఈ సమయంతో భాగిస్తే మొన్న 0.62, ఇవాళ 0.50. ఎత్తు మాత్రమే చూసే కోచ్ "బాగానే ఉంది" అని మర్నాడు స్ప్రింట్లు పెడతాడు.

మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్ల విషయంలో ఫిజియోలకు ఒక మాట. ఒంటికాలితో ముందుకు గెంతించి, దెబ్బ తగిలిన కాలు రెండోదానిలో 90 శాతం దూరం వెళ్లగానే సరేననేయడం పరిపాటి అయింది. ముందుకు గెంతే దూరాన్ని ఎక్కువగా తెచ్చేది తుంటీ చీలమండే, మోకాలి వాటా చాలా తక్కువ. నిలువుగా ఎగరడంలో మోకాలికి అంతకంటే చాలా పని ఉంటుంది. కాబట్టి దూరం సమానమైనా ఒంటికాలి నిలువు జంప్ కూడా చూడందే గ్రౌండులోకి పంపకండి. ఇంకొకటి, మంచి కాలు కూడా కోలుకునే ఆ ఎనిమిది నెలలూ విశ్రాంతిలోనే ఉంది. అది బలహీనపడి ఉంటే దానితో 90 శాతం సమానమవడం గొప్పేం కాదు. గాయానికి ముందు తీసిన సంఖ్యలుంటే అప్పుడు అవి బంగారం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి: "సార్, మా దగ్గర గోడ తప్ప ఏమీ లేదు. పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లు. ఎన్నాళ్లకొకసారి తీయాలి?")

గోడ చాలండి. రెండు రకాలుగా తీయండి, ఒకసారి చేతుల ఊపుతో, ఇంకోసారి ఎడం చేయి నడుం మీద ఉంచి, కుడి చేయి ముందే పైకి ఎత్తి పట్టుకొని. ఈ రెండింటి మధ్య తేడా ఎంతుందో, నెలలు గడిచేకొద్దీ ఎటు పోతోందో చూడండి. ఊపుతో వచ్చేది మాత్రమే పెరుగుతుంటే వాడు నేర్చుకున్నది చేతుల సమన్వయం. రెండూ పెరుగుతుంటే కాళ్లు పెరుగుతున్నాయి. ఆ వయసు పిల్లలు నెలనెలా పొడుగవుతారు కాబట్టి నిలబడిన గుర్తు ప్రతిసారీ కొత్తగా పెట్టించండి, పాత గుర్తు వాడితే పొడుగు పెరిగిందంతా జంప్ ఖాతాలో పడుతుంది. పొడుగు, బరువు కూడా అదే పేజీలో రాయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి తీస్తే చాలు. ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో కొందరికి జంప్ ఆగిపోతుంది, కాస్త తగ్గుతుంది కూడా. అప్పుడు టెన్షన్ పడి అదనపు ట్రైనింగ్ వేయకండి, ఆ పిల్లవాడిని జట్టులోంచి తీసేయకండి. తర్వాతి రెండు టెస్టుల దాకా ఆగి చూడండి.